ఎత్తైన సొరుగుల బీరువా: నిజంగా పాతదా, పాత నమూనాలో చేసిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చేటప్పుడో, అన్నదమ్ములు సామాను పంచుకునేటప్పుడో, పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో ఒక మంచి బీరువా కంటపడినప్పుడో హైదరాబాదులో ఈ ప్రశ్నలు మొదలవుతాయి. ఒకదానిపై ఒకటిగా అయిదు నుంచి ఎనిమిది సొరుగులు, ఇత్తడి పిడులు, ముదురు పాలిష్, వంపు తిరిగిన కాళ్లు ఉన్న ఎత్తైన చెక్క బీరువాను చూడగానే అది బ్రిటిష్ కాలం నాటిదని అనిపించడం సహజం. అయితే అలా కనిపించే వాటిలో చాలా బీరువాలు పాత నమూనాను అనుసరించి ఆ తరువాతి కాలంలో చేసినవే. అటువంటి దాన్ని గుర్తించే పద్ధతినీ, దానికి న్యాయంగా విలువ కట్టే పద్ధతినీ ఇక్కడ వివరిస్తున్నాము.

పాత నమూనాలో చేసిన బీరువా అంటే నకిలీ అనే అర్థమా?

కాదు. ఒక కాలంలో ప్రసిద్ధమైన రూపాన్ని తరువాతి కాలపు వడ్రంగి దాచుకోకుండా తిరిగి చేస్తే అది పునఃసృష్టి. 18వ శతాబ్దపు ఇంగ్లండులో వాడుకలో ఉన్న రూపాలను 19వ శతాబ్దం చివరిలో ఇంగ్లండు వారే మళ్లీ చేసుకున్నారు. 20వ శతాబ్దంలో అవే రూపాలను మన దేశపు పనివారు టేకుతో, శీషంతో చేశారు, నేటికీ చేస్తున్నారు. దానికి కావాలని పాత మరకలు పెట్టి, రంధ్రాలు పొడిచి, వందేళ్ల నాటిదని చెప్పి అమ్మినప్పుడు మాత్రమే అది నకిలీ అవుతుంది. అంటే తప్పు అమ్మినవారి మాటలో ఉంది, బీరువాలో లేదు. మంచి టేకుతో, మంచి పనితనంతో చేసిన పునఃసృష్టి తన పేరుతోనే గౌరవంగా అమ్ముడుపోగల వస్తువు.

ఇవి కాక మరొక రకం ఉంది. రెండు వేర్వేరు పాత బీరువాల పై భాగాన్నీ కింది భాగాన్నీ జతచేసి ఒకటిగా నిలబెడతారు. అందులోని చెక్క పాతదే, పనితనమూ పాతదే, కానీ ఆ రెండు భాగాలు కలిసి పుట్టినవి కావు కనుక విలువ బాగా తగ్గుతుంది.

మన దగ్గర ఏ నమూనాలు ఎక్కువగా కనిపిస్తాయి?

టాల్‌బాయ్ అనే ఇంగ్లీషు నమూనాలో ఒక సొరుగుల పెట్టె మీద, వెడల్పు కొద్దిగా తగ్గిన మరొక సొరుగుల పెట్టె కూర్చుంటుంది. ఇది 18వ శతాబ్దంలో బాగా వాడుకలో ఉంది. అమెరికాలో దీనికి దగ్గర బంధువైన హైబాయ్‌కు వంపు తిరిగిన పొడవాటి కాళ్లు ఉంటాయి. సెమెనియే అనే ఫ్రెంచి నమూనా సన్నగా నిలువుగా ఉండి, వారంలో ఒక్కొక్క రోజుకు ఒక్కొక్కటిగా ఏడు సొరుగులు కలిగి ఉంటుంది. వెల్లింగ్టన్ చెస్ట్ కూడా సన్ననిదే. 1769 నుంచి 1852 వరకు జీవించిన వెల్లింగ్టన్ డ్యూక్ పేరు దానికి వచ్చింది. కుడివైపు అంచున మడతబందులతో తెరుచుకునే ఒక నిలువు పట్టీ ఉండి, దానికి ఒక్క తాళం వేస్తే సొరుగులన్నీ మూతపడడం దాని ప్రత్యేకత.

సికింద్రాబాదు వైపు ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది క్యాంపెయిన్ చెస్ట్. సైనికాధికారులు ఒక మకాం నుంచి మరొక మకాంకు తీసుకుపోవడానికి వీలుగా అది రెండు ముక్కలుగా విడిపోతుంది, కాళ్లు మరల మీద ఊడి వస్తాయి, మూలలకు ఇత్తడి రేకులు ఉంటాయి, పిడులు బయటకు పొడుచుకు రాకుండా చెక్కలోపలికి దిగి ఉంటాయి. 1806లో ఏర్పడిన కంటోన్మెంటు పక్కనే ఉండడం వల్ల ఆ ప్రాంతపు ప్రతి ఇత్తడి మూలల పెట్టెనూ ఎవరో ఇంగ్లీషు కెప్టెన్‌కు అంటగట్టడం వాడుకైపోయింది. ఈ నమూనాను జోధ్‌పూర్ కార్ఖానాలు ఎగుమతి కోసం పెద్ద ఎత్తున చేస్తాయన్న సంగతిని కూడా గుర్తు పెట్టుకోవాలి.

బీరువాను పరిశీలించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుభాగాన్ని చివరికి వదిలిపెట్టండి. తయారుచేసినవారూ, అమ్మేవారూ శ్రద్ధ పెట్టేది అక్కడే. పైనుంచి రెండో సొరుగును పూర్తిగా బయటకు లాగి, దుప్పటి పరచిన మంచం మీద పెట్టి, పగటి వెలుతురులో చూడండి. అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఆ ఒక్క సొరుగులోనే దొరుకుతుంది.

ముందుపలకా పక్కచెక్కా కలిసే మూలలో సాధారణంగా పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడే డవ్‌టెయిల్ అతుకు ఉంటుంది. చేత్తో కోసిన అతుకులో పళ్ల వెడల్పులు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి. పళ్ల మొదట్లో పదునైన మొనతో గీసిన సన్నని గీత కనిపిస్తుంది. ఎంత లోతు వరకు కోయాలో వడ్రంగి పెట్టుకున్న గుర్తు అది. రంపం ఆ గీతను వెంట్రుకవాసి దాటిపోయిన చోట్లు లోపలివైపు తేలికగా దొరుకుతాయి. యంత్రం కోసిన అతుకులో పళ్లు, ఖాళీలు అన్నీ ఒకే కొలతలో ఉంటాయి, గీత ఉండదు. ఐరోపా, అమెరికా కర్మాగారాల్లో యంత్రపు అతుకులు 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో వ్యాపించాయి కనుక అక్కడి మార్గదర్శకాలు "చేతి అతుకు ఉంటే పాతది" అని చెబుతాయి. ఆ సూత్రాన్ని మనం యథాతథంగా తీసుకోకూడదు. మన వడ్రంగులు 20వ శతాబ్దమంతా ఉలితో, రంపంతో చేత్తోనే అతుకులు కోశారు, ఇప్పటికీ కోసేవారు ఉన్నారు. కాబట్టి హైదరాబాదులో దొరికిన బీరువాకు చేతి అతుకు మంచి పనితనానికి సాక్ష్యమవుతుంది కానీ వయసుకు సాక్ష్యం కాదు. యంత్రపు అతుకు మాత్రం అది 18వ శతాబ్దపు వస్తువు కాదని స్పష్టంగా చెబుతుంది.

తరువాత సొరుగును బోర్లించి అడుగుపలకను చూడండి. ప్లైవుడ్ గాని హార్డ్‌బోర్డు గాని కనిపిస్తే, ఆ పలక తరువాత మార్చినది కాకపోతే, బీరువా 20వ శతాబ్దానిదే. హార్డ్‌బోర్డును అమెరికాలో విలియం మేసన్ 1924లో కనిపెట్టాడు, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక ఇంకా చాలా తరువాతిది. గట్టి చెక్క పలకే ఉంటే దాని రేకలు ఎటు సాగుతున్నాయో గమనించండి. 18వ శతాబ్దం తొలినాళ్ల ఇంగ్లీషు సొరుగుల్లో అవి ముందునుంచి వెనక్కి ఉండేవి, ఆ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అడ్డంగా పెట్టడం స్థిరపడింది. చెక్క పొడవునా కుంచించుకుపోదు, వెడల్పులో కుంచించుకుపోతుంది. కనుక అనేక వేసవులు చూసిన అడుగుపలక వెనక అంచు దగ్గర సన్నని సందు గాని, నిలువునా పగులు గాని ఉండడం మామూలే. అది లోపంగా కనిపించినా, కాలం గడిచిందనడానికి కల్పించడం కష్టమైన గుర్తు.

ఇక అరుగుదల. సొరుగు పక్కచెక్కల అడుగంచు వెనకవైపు ఎక్కువగా అరుగుతుంది, అది జారే పట్టీ బీరువాలో ముందువైపు ఎక్కువగా అరుగుతుంది. తెరిచేటప్పుడు బరువు ఆ విధంగా పడుతుంది కనుక ఈ రెండు అరుగుదలలు ఒకదానికొకటి సరిపోవాలి. సొరుగు అంచు బాగా అరిగి, పట్టీ కొత్తగా ఉంటే పట్టీ మార్చారన్నమాట. రెండూ పదునుగా ఉంటే బీరువా పెద్దగా వాడకం చూడలేదు. సొరుగుకు లోహపు టెలిస్కోపిక్ ఛానెల్ ఉంటే ఇక చర్చ అవసరం లేదు.

సొరుగు తీసిన ఖాళీలోకి టార్చి వేసి వెనకపలకనూ, అడ్డపట్టీలనూ చూడటం మరిచిపోవద్దు. పాలిష్ తగలని లోపలి చెక్క గాలికి తనంతట తాను రంగు తేరుతుంది, ఆ రంగు ఎక్కడా ఒకేలా ఉండదు. గాలి ఎక్కువగా ఆడిన చోట ముదురుగా, మూసుకుపోయిన చోట లేతగా ఉంటుంది. లోపల అంతటా ఒకే గోధుమ రంగు పరుచుకుని ఉంటే అది పూసిన రంగు. వెనకపలక మీద వంపుగా, విల్లు ఆకారంలో గీతలు ఉంటే గుండ్రని యంత్రపు రంపంతో కోసిన చెక్క. అటువంటి రంపాలు మిల్లుల్లో వ్యాపించింది 19వ శతాబ్దంలో.

స్క్రూలు, మేకులు, జిగురు వయసు చెబుతాయా?

ఎగువ హద్దు చెబుతాయి, అంటే "ఇంతకంటే పాతది కాదు" అనేంత వరకు. 19వ శతాబ్దం మధ్య వరకు స్క్రూలకు మొన ఉండేది కాదు, కొస మొద్దుగా ఉండేది, తలమీది గాడి మధ్యలో కాక కొంచెం పక్కకు ఉండేది. మొన ఉన్న యంత్రపు స్క్రూలు 1840లు, 1850ల తరువాతివి. తలమీద ప్లస్ గుర్తు ఉన్నవి 1930లలో వచ్చాయి. తెల్లగా ఆరిన జిగురు కారిన గుర్తులు ఉంటే అది సింథటిక్ జిగురు, మనందరికీ తెలిసిన ఫెవికాల్ 1959లో మార్కెట్‌లోకి వచ్చింది. అంతకుముందు జంతువుల తోలు, ఎముకలు కాచి చేసిన జిగురు వాడేవారు, అది ఆరాక గాజులా పెళుసుగా, తేనె రంగులో ఉంటుంది.

ఒక్క కొత్త స్క్రూ చూసి బీరువా మొత్తం కొత్తదని తేల్చకండి, మరమ్మతు జరిగి ఉండవచ్చు. ఎవరి చేయీ పడనవసరం లేని చోట, ఉదాహరణకు వెనకపలక మధ్యలో, అన్నీ ఒకే రకం కొత్త స్క్రూలు ఉంటే మాత్రం అవి మొదటినుంచీ ఉన్నవే.

ఏ కలపతో చేశారో ఎలా తెలుసుకోవాలి?

మొదట అది గట్టి చెక్కా, పైన వెనీరు, అంటే వేరే కలప పలుచని పొర, అతికించినదా అన్నది తేల్చుకోవాలి. సొరుగు ముందుపలక పైఅంచునూ, పక్క కొసనూ చూడండి. ముఖంమీది గీతలు అంచు మీదుగా కొనసాగి, కొస దగ్గర చిన్న చిన్న రంధ్రాల చుక్కలుగా మారితే గట్టి చెక్క. ముఖానికీ అంచుకూ పొంతన లేకపోతే వెనీరు. పాత ఇంగ్లీషు పనిలోనూ వెనీరు ఉంది కనుక అదే ఒక లోపం కాదు. రంపంతో కోసిన పాత వెనీరు మందంగా ఉంటుంది, నేటి యంత్రపు వెనీరు మందమైన కాగితమంత ఉంటుంది.

టేకు బంగారు గోధుమ రంగులో మొదలై కాలం గడిచేకొద్దీ ముదురుతుంది. చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, గీకితే తోలును తలపించే వాసన వస్తుంది. తెలుగు పల్లెల్లో జిట్టేగి, ఇరుగుడు అని పిలిచే రోజ్‌వుడ్ ఊదా ఛాయతో నల్లని చారలు కలిగి, టేకు కంటే స్పష్టంగా బరువుగా ఉంటుంది. శీషం దానికి దగ్గర బంధువే కానీ చారలు మరింత లేతగా, గోధుమ రంగులో ఉంటాయి. మామిడి చెక్కకు ముదురు రంగు వేసి రోజ్‌వుడ్ అని అమ్మడం ఉంది, సొరుగు లోపలివైపు రంగు పడని భాగం చూస్తే అది బయటపడుతుంది.

మరొక సంగతి. ఇంగ్లండులో చేసిన బీరువాలో బయటికి మహాగని వాడి, కనిపించని భాగాలకు ఓక్ గాని పైన్ గాని వాడేవారు. వెనకపలక, సొరుగు అడుగు కూడా టేకే అయిన బీరువా దాదాపుగా మన దేశంలో చేసిందే అనుకోవచ్చు. దాని గురించి చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు, అమ్మకంలో అది అదనపు బలమే.

పాత టేకుతో చేసినదైతే పాత బీరువా కిందే లెక్కా?

లెక్క కాదు. కూల్చిన ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు, తలుపుచెక్కలు కోసి కొత్త బీరువాలు చేయడం మన నగరంలో మామూలు విషయం. ఆ చెక్క బాగా ఆరి, చేవదేరి ఉంటుంది కనుక వంకర పోదు, మంచి వడ్రంగులు దాన్నే కోరుకుంటారు. ఇటువంటి బీరువాలో పనికిరాని కుసి రంధ్రాలు, పూడ్చిన మేకు గుంటలు, ఇనుము తాకిన చోట నల్లని మచ్చలు అర్థంలేని స్థానాల్లో కనిపిస్తాయి. అడ్డపట్టీ మధ్యలో ఒక పాత గడియ రంధ్రం ఉంటే అది ఒకప్పుడు తలుపు. కలప వయసు కలపదే, బీరువా వయసు వడ్రంగి పనిచేసిన రోజునుంచి మొదలవుతుంది.

పురుగు తిన్న రంధ్రాలు ఉంటే పాతదనేగా?

పుచ్చు పురుగుకు ఆరు నెలల చెక్కయినా, వందేళ్ల చెక్కయినా ఒకటే. రంధ్రాలు పరిశీలనకు వేరే విధంగా ఉపయోగపడతాయి. పురుగు చెక్క లోపల వంకరటింకరగా తొలుచుకుంటూ పోయి, బయటకు వచ్చేటప్పుడు ఉపరితలం మీద గుండ్రని రంధ్రం చేస్తుంది. అందులోకి సన్నని తీగ పెడితే నేరుగా, ఒకే లోతుకు దిగితే అది డ్రిల్లుతో పొడిచినది. ఉపరితలం మీద రంధ్రానికి బదులు సగం తెరుచుకున్న కాలువలా పొడవాటి గాడి కనిపిస్తే, పురుగు తిన్న తరువాత ఆ చెక్కను కోశారని అర్థం, అంటే పాత చెక్కను తిరిగి వాడారు.

రంధ్రం కింద పిండిలాంటి పొడి రాలుతూ ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. వయసు సంగతి తరువాత, ముందు ఆ బీరువాను మిగిలిన సామానుకు దూరంగా పెట్టి మందు కొట్టించండి. వర్షాకాలంలో నేలను ఆనుకున్న కాళ్లలో చెద కూడా చూడాలి.

పాలిష్‌ను బట్టి ఏమి తెలుస్తుంది?

కనిపించని మూలలో దూదిని స్పిరిట్‌లో ముంచి తాకిస్తే లక్క పాలిష్ మెత్తబడి జిగటగా అవుతుంది, ఈ కాలపు రసాయన పూతలైన మెలమైన్, పీయూ పాలిష్‌లు చెక్కుచెదరవు. అల్ట్రావయొలెట్ టార్చి కింద లక్క నారింజ రంగులో వెలుగుతుంది. అయితే చపడా (లక్క రేకులు) కరిగించి చేత్తో రుద్దే లక్క పాలిష్‌ను హైదరాబాదులో నేటికీ చేస్తున్నారు కనుక అది ఉన్నంత మాత్రాన వయసు తేలదు. మెలమైన్ గాని పీయూ గాని ఉంటే, బీరువా కొత్తదైనా కావచ్చు, పాతదాన్ని గీకి మళ్లీ పాలిష్ చేసినదైనా కావచ్చు. నిజమైన పాత పాలిష్‌లో పిడి చుట్టూ మురికి, చేతి జిడ్డు పేరుకుని ఉంటాయి, చేయి తగలని మూలల్లో రంగు వేరుగా ఉంటుంది. చేయి చేరని చోట అంచులు గుండ్రంగా అరిగి కనిపిస్తే ఎవరో గరుకు కాగితంతో ఆ పని చేశారు.

పిడులు, తాళాలు అసలువేనా?

సొరుగు ముందుపలక లోపలివైపు చూడండి. ఒక్కో పిడికి ఉండవలసిన రంధ్రాల కంటే ఎక్కువ ఉంటే, వాటిని చెక్కముక్కతో పూడ్చి ఉంటే, పిడులు మార్చారు. వేలాడే పిడి ఏళ్ల తరబడి పలకను తాకుతూ ఉంటే చెక్కమీద వంపుగా ఒక గాటు పడుతుంది. ఆ గాటు ఇప్పుడున్న పిడికి సరిపోవాలి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. తాళం చెవి రంధ్రం ఉండి లోపల తాళమే లేకపోతే, తాళం పట్టే గాడి కూడా లేకపోతే, అది అలంకారం కోసం పెట్టిన రంధ్రం, పునఃసృష్టుల్లో తరచుగా కనిపిస్తుంది.

బీరువాపై తెల్లని పొదుగు పని ఉంది, ఏనుగు దంతమని చెబుతున్నారు. కొనవచ్చా?

18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు రోజ్‌వుడ్‌లో దంతం పొదిగి ఈస్టిండియా కంపెనీ అధికారులకు చేసి ఇచ్చిన పెట్టెలు, బీరువాలు ప్రపంచ ప్రసిద్ధమైనవి, అందుకే ఈ మాటకు అంత ఆకర్షణ. భూతద్దంతో చూడండి: సన్నని నల్లని చుక్కలు, గీతలు ఉంటే ఎముక. దంతాన్ని అడ్డంగా కోసిన ముఖంమీద ఒకదాన్నొకటి ఖండించుకునే వంపుగీతల వల కనిపిస్తుంది. నేటి పునఃసృష్టుల్లో దాదాపుగా అన్నీ ఒంటె ఎముక గాని, రెసిన్ గాని. నిజంగా దంతమే అయితే కొనకూడదు, అమ్మకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల ప్రకారం మన దేశంలో ఏనుగు దంతపు వ్యాపారం నేరం, వస్తువు పాతది కావడం దానికి మినహాయింపు ఇవ్వదు.

మా తాతగారి కాలంనుంచి ఇంట్లో ఉంది. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందా?

చెల్లుతుంది, అయితే కాగితమో ఫొటోనో తోడుంటే. పెళ్లి ఫొటోలో వెనక ఆ బీరువా కనిపించినా, పాత రసీదు దొరికినా, సొరుగు అడుగున అప్పటి వార్తాపత్రిక పరిచి ఉన్నా వాటిని తీసి పారేయకండి. తాతగారు 1955లో కొన్నారంటే బీరువాకు కనీసం ఆ వయసు ఉన్నట్టే. ఆయన కొన్ననాటికే అది పాతదని అనుకోవడానికి మాత్రం వేరే ఆధారం కావాలి. ఇంట్లోవారు వస్తువు మీది ప్రేమతో ప్రతి తరంలోనూ దాని వయసు కొంత పెంచుతూ వస్తారు.

పునఃసృష్టి అని తేలితే ధర ఎలా కట్టాలి?

రెండు హద్దుల మధ్య ఆలోచించాలి. కింది హద్దు, దాన్ని విప్పితే వచ్చే కలప ధర. పై హద్దు, అదే కలపతో అదే పనితనంతో ఈ రోజు కొత్తగా చేయిస్తే అయ్యే ఖర్చు. పునఃసృష్టికి ఈ పై హద్దు దాటి అడుగుతున్నారంటే పాతదనం పేరుతో అదనం అడుగుతున్నారు, అది ఇవ్వనవసరం లేదు. అమ్మేవారు కూడా కింది హద్దు కంటే తక్కువకు లొంగనవసరం లేదు, ఇల్లు ఖాళీ చేసే తొందరలో చాలామంది అక్కడే నష్టపోతారు.

కలప లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. అంగుళం మందమున్న పలక పన్నెండు చదరపు అడుగులైతే ఒక ఘనపుటడుగు. అయిదడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, ఆరు సొరుగులు ఉన్న బీరువాను తీసుకుందాం. రెండు పక్కపలకలకు 1.25, పైపలకకు 0.4, సొరుగుల ముందుపలకలకు 1.1, అరంగుళపు వెనకపలకకు 0.6, సొరుగుల పక్కలకు, వెనకలకు కలిపి సుమారు 1, సొరుగుల అడుగులకు 0.8, లోపలి అడ్డపట్టీలకు 0.4 చొప్పున మొత్తం అయిదున్నర ఘనపుటడుగులు దాటుతుంది. కలప డిపోలో ఆ రోజు టేకు ధర అడిగి దీనితో హెచ్చిస్తే కలప విలువ తెలుస్తుంది. కొత్తగా చేయించే లెక్కకైతే కోతలో పోయే తరుగు కలపాలి. వడ్రంగి కూలి, పాలిష్ కూలి, ఇత్తడి సామాను దానిపైన. చేతి అతుకులతో ఆరు సొరుగులు చక్కగా జారేలా చేయడం ఓపికతో కూడిన పని కనుక కూలి భాగాన్ని తక్కువగా అంచనా వేయవద్దు.

ఈ లెక్క ఇంకో పనికి కూడా వస్తుంది. టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. ఆ ప్రకారం పైన చెప్పిన బీరువా ఖాళీగా వంద కిలోల పరిసరాల్లో ఉండాలి. మొత్తం టేకే అని చెప్పి, ఇద్దరు మనుషులు శ్రమ లేకుండా ఎత్తగలుగుతుంటే లోపల మరేదో ఉంది. దీని వ్యతిరేకం నిజం కాదు, ఎండీఎఫ్ కూడా బరువైనదే.

రెండు హద్దుల మధ్య ధర ఎక్కడ నిలుస్తుందన్నది స్థితిని బట్టి ఉంటుంది. సొరుగులన్నీ తమ తమ స్థానాల్లో జారుతున్నాయా, కాళ్లు అసలువేనా, పలకలు పగిలాయా, పాలిష్ ఏ స్థితిలో ఉంది, ఇవన్నీ చూడాలి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పడుతుందా అన్న ప్రశ్న కూడా చిన్నది కాదు. రెండు ముక్కలుగా విడిపోయే బీరువా, అదే నాణ్యత గల ఒకే ముక్క బీరువా కంటే త్వరగా కొనుగోలుదారును సంపాదించుకుంటుంది.

పంపకానికి, బీమాకు, అమ్మకానికి ఒకే విలువ వేయవచ్చా?

వేయకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునేటప్పుడు బయట నిజంగా ఎంతకు అమ్ముడుపోతుందో ఆ ధర న్యాయం. బీమాకు తిరిగి చేయించడానికి అయ్యే ఖర్చు చూడాలి, అది సహజంగానే ఎక్కువ. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటి బీమా మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, మామూలు ఇంటి సామానుకు రక్షణ కలిసి వస్తుంది. పునఃసృష్టి బీరువా ఆ మామూలు సామాను కిందికే వస్తుంది. దాన్ని కళాఖండంగా నమోదు చేయించబోతే ఆధారం చూపలేక ఇబ్బంది పడతారు.

ఎవరిచేత విలువ కట్టించాలి?

2017 నిబంధనల కింద నమోదైన వాల్యుయర్లకు స్థలాలు–భవనాలు, యంత్రాలు–ప్లాంటు, షేర్లు–ఆర్థిక ఆస్తులు అనే మూడు తరగతులే ఉన్నాయి, పాత బీరువాలకు ప్రత్యేక తరగతి లేదు. అందువల్ల పునఃసృష్టికి అనుభవజ్ఞుడైన వడ్రంగి, పాత ఫర్నిచర్ వ్యాపారి, వీరిద్దరి అభిప్రాయాలను విడివిడిగా తీసుకోవడం మేలు. ఒక్క షరతు: విలువ కట్టినవారే కొంటామంటే ఆ అంకెను పక్కన పెట్టండి. ఫొటోలు పంపేటప్పుడు ముందుభాగానికి ఒక్క ఫొటో చాలు. వెనకపలక, సొరుగు మూల, సొరుగు అడుగు, కాలి కింది భాగం, స్క్రూ తల, తాళం, వీటన్నిటినీ దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి తీయండి.

అసలైన పాత పనితనాన్ని నగరంలో ఎక్కడ చూసి కన్ను అలవాటు చేసుకోవచ్చు?

సాలార్ జంగ్ మ్యూజియంలోని ఐరోపా ఫర్నిచర్ గదులను తీరికగా చూడండి. మూడవ సాలార్ జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి మారిన ఆ సంగ్రహంలో వెనీరు పని, ఇత్తడి పని మన కళ్లకు కొలబద్దగా నిలుస్తాయి. పురానీ హవేలీలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం కట్టిన రెండంతస్తుల పొడవాటి చెక్క అల్మారా వరుస ఉంది. సొరుగుల బీరువా కాకపోయినా, ఏళ్ల తరబడి వాడిన చెక్క నిజంగా ఎలా కనిపిస్తుందో అక్కడ తెలుస్తుంది.

విదేశంలో ఉన్న పిల్లలకు పంపవచ్చా?

1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళా, హస్తకళా వస్తువులను వ్యక్తులు ఎగుమతి చేయడానికి వీల్లేదు. మీది పునఃసృష్టే అయినా పాతదిలా కనిపిస్తే కస్టమ్స్‌వారు ఆపవచ్చు కనుక, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రాన్ని ముందుగానే భారత పురావస్తు సర్వేక్షణ శాఖనుంచి తీసుకోవాలి. రోజ్‌వుడ్, శీషం రెండూ డాల్బెర్జియా ప్రజాతివి. ఆ ప్రజాతి 2017 జనవరి నుంచి, ముప్పులో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉంది కాబట్టి అంత బరువైన బీరువాకు అదనపు పత్రాలు అవసరమవుతాయి. టేకుకు ఈ చిక్కు లేదు.

అమ్మేముందు పాలిష్ చేయించాలా?

పునఃసృష్టి అని తేలిపోయిన తరువాతైతే చేయించవచ్చు, దానివల్ల త్వరగా అమ్ముడుపోతుంది. ఏ మాత్రం సందేహమున్నా ఆగండి. యంత్రంతో గీకించిన బీరువా మీద అరుగుదల, రంగు తేడా, పిడి గాటు, అన్నీ ఒక్క పూటలో పోతాయి, ఆ తరువాత దాని వయసు నిరూపించడం ఎవరి తరమూ కాదు. మెత్తని పొడిబట్టతో తుడిచి, సొరుగు జారే పట్టీలకు కొవ్వొత్తి మైనం రుద్దితే ప్రస్తుతానికి చాలు.

కొనేటప్పుడు రసీదులో ఏమి రాయించుకోవాలి?

కలప పేరు, అది బయటికి మాత్రమేనా లోపల కూడానా, కొలతలు, సొరుగుల సంఖ్య, మార్చిన భాగాలు, "పాత నమూనాలో చేసినది" గాని "ఫలానా కాలానిది" గాని అన్న స్పష్టమైన మాట, అమ్మినవారి సంతకం, తేదీ. వందేళ్ల నాటిదని నోటితో గట్టిగా చెప్పి, అదే మాట కాగితం మీద రాయడానికి వెనకాడే వ్యాపారి దగ్గర ఆ బీరువాకు కొత్త టేకు బీరువా ధరకు మించి ఇవ్వకండి. రాసి ఇస్తే, ఆ రసీదును ఒక ఫొటో తీసి పెట్టుకుని, అసలు కాగితాన్ని కవరులో పెట్టి పై సొరుగు అడుగుపలకకు వెనకవైపు అతికించండి.